టీపీఎస్ వర్క్ పర్మిట్: కార్డు మీద తేదీ అయిపోయింది, మనిషిని పనిలో ఉంచుకోవచ్చా?

ఇర్వింగ్_కొట్టు · ఆగస్టు 2, 2025

అందరికీ నమస్కారం. ఇర్వింగ్‌లో మాకు చిన్న ఇండియన్ గ్రోసరీ కొట్టు ఉంది, వెనకాల కర్రీ పాయింటు కూడా. మా దగ్గర ఒక నేపాలీ అబ్బాయి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. పొద్దున్నే ట్రక్కు దింపుకోవడం దగ్గర్నుంచి రాత్రి కౌంటర్ లెక్క దాకా అతనే. అతనికున్నది టీపీఎస్, అంటే సొంత దేశంలో విపత్తు వస్తే ఇక్కడే తాత్కాలికంగా ఉండి పనిచేసుకోనిచ్చే రక్షణ, 2015 భూకంపం తర్వాత నేపాల్ వాళ్ళకి ఇచ్చారే, అది.

కార్డు మీద ఎక్స్‌పైరీ జూన్ 24, 2025. టీపీఎస్ ఆపేస్తున్నామని జూన్‌లో ప్రభుత్వం ఇచ్చిన నోటీసులోనే కార్డులు ఆగస్టు 5 దాకా చెల్లుతాయని ఉంది. దాని ప్రింటు ఫైల్లో పెట్టాను. మొన్న గురువారం కాలిఫోర్నియాలో జడ్జిగారు ఆ రద్దుని నవంబరు 18 దాకా వాయిదా వేశారట. మంగళవారం తర్వాత అతన్ని రమ్మనాలా, వద్దా? మా సీపీఏని అడిగితే లాయర్ని అడగమన్నాడు. లాయర్ అపాయింట్‌మెంట్ వచ్చేవారం గానీ దొరకలేదు.

సిలికాన్_సుబ్బు · ఆగస్టు 2, 2025

ఇది మన వీసాల ఫోరం కదండీ. టీపీఎస్ ఇండియాకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఇక్కడ హెచ్1బీ లాటరీ, గ్రీన్‌కార్డు డేట్లు చూసుకోవడానికే టైము చాలట్లేదు.

వరంగల్_వాసు · ఆగస్టు 2, 2025

సుబ్బన్నా, మన హోటళ్ళల్ల, గ్యాస్ స్టేషన్లల్ల నేపాలీ పిలగాడు లేని జాగ ఒక్కటి చూపెట్టు. ఇర్వింగ్, యూలెస్ దిక్కు వస్తె మన దుకాణం పక్కపొంటే మోమో దుకాణం ఉంటది. అడిగినాయన ఓనరు, మనోడే. తప్పు చేస్తె జుర్మానా కట్టేది ఆయననే. అడగనియ్యి.

ఐ9_అక్క · ఆగస్టు 2, 2025

నేను లాయర్ని కాను. న్యూజెర్సీలో హోటళ్ళకి పేరోల్, ఐ-9 (పనిచేసే పర్మిషన్ ఉందని యజమాని సరిచూసి నింపే ఫారం) కాగితాలు చూస్తాను. తెలిసింది చెప్తాను తమ్ముడూ, వచ్చేవారం మీ లాయర్ దగ్గర సరిచూసుకో.

టీపీఎస్‌లో కార్డు మీద తేదీ చూసి ఆగిపోకూడదు. ఆ దేశానికి రక్షణ పొడిగించినా ఆపేసినా ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే ప్రభుత్వ గెజిట్‌లో, నోటీసు వేస్తారు. ఫలానా తేదీలు ముద్రించి ఉన్న కార్డులు ఫలానా రోజు దాకా చెల్లుతాయని అందులో ఉంటుంది. కొత్త కార్డు చేతికి రాకపోయినా పర్మిషన్ మాత్రం ఉంటుంది. నువ్వు చూడాల్సింది ఇది: కార్డు మీద టీపీఎస్ కేటగిరీలు ఏ12 గానీ సీ19 గానీ ఉందా, దాని మీది తేదీ నోటీసులో చెప్పిన వాటిలో ఉందా. ఆ రెండూ సరిపోతే ఐ-9లో అదనపు సమాచారం గడిలో ‘ఈఏడీ ఎక్స్‌ట్’ (వర్క్ పర్మిట్ కార్డు పొడిగింపు) అని, పక్కన కొత్త తేదీ రాసి, నోటీసు కాపీ జతచెయ్యి.

కోర్టు ఆర్డర్ సంగతికొస్తే, టీవీలో చూసి తేదీ రాయకు. యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ శాఖ) వాళ్ళ నేపాల్ టీపీఎస్ పేజీ తెరిచి, అక్కడ ఆర్డర్ గురించి ఏం పెట్టారో అదే ప్రింటు తీసుకో, తేదీ కనబడేలా. రేపు ఎవరైనా తనిఖీకి వస్తే ఆ రోజు నువ్వు దేన్ని నమ్మి పెట్టుకున్నావో చూపించడానికి అది ఉండాలి.

ఇంకొకటి. భయపడి అతన్ని గ్రీన్‌కార్డు చూపించు, పాస్‌పోర్టు చూపించు అని అడగకు. ఏ కాగితం ఇవ్వాలన్నది ఉద్యోగి ఇష్టం, ఐ-9 లిస్టులో ఉంటే చాలు. ఫలానాదే తెమ్మంటే వివక్ష కేసు అవుతుంది. న్యాయశాఖలో దానికోసమే ఒక విభాగం ఉంది.

పాతకాపు_1996 · ఆగస్టు 3, 2025

టీపీఎస్ ఇవాళ్టిది కాదు. 1990 ఇమిగ్రేషన్ చట్టంతో వచ్చింది. యుద్ధమో, భూకంపమో, తుపానో వచ్చిన దేశం మనుషులు అప్పటికే ఇక్కడుంటే, వెనక్కి పంపకుండా 6 నెలలకో 18 నెలలకో పర్మిషన్ ఇస్తారు. గడువు దగ్గర పడితే మళ్ళీ పొడిగిస్తారు. మిచ్ తుపాను వచ్చింది 1998లో. హోండురాస్, నికరాగువా వాళ్ళకి 1999 జనవరిలో ఇస్తే ఈ 2025 దాకా నడుస్తూ వచ్చింది. మన ఊళ్ళో 11 నెలల అద్దె అగ్రిమెంటు రాసుకుని ఇరవై ఏళ్ళు అదే ఇంట్లో ఉంటామే, అలాగ.

నేపాల్‌ది కూడా 2018లో ఒకసారి ఆపేస్తామన్నారు, 2019 జూన్‌తో సరి అన్నారు. కోర్టుకెళ్ళారు, ఆగింది. 2023లో బైడెన్ ప్రభుత్వం ఆ రద్దుని వెనక్కి తీసుకుని పొడిగించింది. అందుకే వాళ్ళు ఇదీ గడిచిపోతుందిలే అనుకుంటారు. ఈసారి అంత ధీమాగా ఉండొద్దని ఆ అబ్బాయికి చెప్పండి. మే నెలలో వెనెజువెలా కేసులో సుప్రీంకోర్టు కింది జడ్జి ఆర్డర్‌ని ఎలా పక్కన పెట్టిందో చూశాం కదా. సుమారు మూడున్నర లక్షల మందికి ఒక్కరోజులో నేల కదిలింది.

ఇర్వింగ్_కొట్టు · ఆగస్టు 21, 2025

పాతకాపుగారు అన్నంతా అయింది. నిన్న తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాయిదా ఆర్డర్ మీద స్టే ఇచ్చింది. ఇవాళ పొద్దున అబ్బాయే వచ్చి “అంకుల్, నేను రేపట్నుంచి రాకూడదేమో” అన్నాడు. లాయర్ని ఫోన్లో పట్టుకుంటే ఆయనా అదే అన్నాడు. ఇంట్లో మా ఆవిడ రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడట్లేదు, నేనేదో తీసేసినట్టు.

కడప_కుర్రోడు · ఆగస్టు 21, 2025

అన్నా, పేరోల్ నుంచి తీసేసి చేతికి క్యాష్ ఇచ్చెయ్. ఇన్నేండ్లు చేసినోడు. ఎవురికి తెలుస్తాది?

ఐ9_అక్క · ఆగస్టు 21, 2025

@కడప_కుర్రోడు మంచి మనసుతోనే అన్నావు గానీ ఆ దారి పట్టొద్దు. తెలిసి తెలిసి పనిలో ఉంచుకోవడాన్ని 1986 చట్టం సూటిగా నిషేధించింది. జరిమానా ఓనర్‌కి సరే, ఆ అబ్బాయికి ఇంకా నష్టం. రేపు గ్రీన్‌కార్డుకి అప్లై చేసే రోజు వస్తే పర్మిషన్ లేకుండా ఎప్పుడైనా పనిచేశావా అని ఫారంలోనే అడుగుతారు. అబద్ధం చెబితే అది ఇంకా పెద్ద తప్పు. పైగా దెబ్బ తగిలినా, జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కు ఉండదు, అయినా ఈ ఓనర్ అలాంటివాడు కాదులే.

కొట్టు తమ్ముడూ, టెక్సాస్‌లో యజమాని పనిలోంచి ఆపితే ఆఖరి జీతం 6 రోజుల్లోపు ఇవ్వాలి. ఓవర్‌టైం ఉంటే అది కూడా. ఐ-9 చింపేయకు. పనిలో చేరిన రోజు నుంచి మూడేళ్ళు, మానేసిన రోజు నుంచి ఏడాది, ఈ రెండిట్లో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఉంచాలి.

ఈ-వెరిఫై (పని పర్మిషన్ ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసే ప్రభుత్వ సిస్టం) వాడేవాళ్ళకి ఒక మాట. చేరినప్పుడు ‘ఆథరైజ్డ్’ అని వచ్చింది కదా అని ఊరుకోవద్దు. రద్దయిన కార్డుల జాబితా ఈ జూన్ నుంచి ‘స్టేటస్ చేంజ్ రిపోర్ట్’ అని మీ అకౌంట్‌లోనే ఇస్తున్నారు. క్యూబా, హైతీ, నికరాగువా, వెనెజువెలా పెరోల్ (వీసా లేకుండా తాత్కాలికంగా రానిచ్చే పర్మిషన్) వాళ్ళవి ఎక్కువగా అందులో కనబడుతున్నాయి. కనబడితే కొత్త కేసు తెరవకూడదు, ఐ-9లో సప్లిమెంట్ బీతో మళ్ళీ వెరిఫై చెయ్యాలి. వేరే పర్మిషన్ కాగితం ఉంటే చూపించే అవకాశం మనిషికి ఇవ్వాలి.

కాగితాల_కోటి · ఆగస్టు 22, 2025

హ్యూస్టన్‌లో ఒక ఇమిగ్రేషన్ ఆఫీసులో పారాలీగల్‌ని. ఓనర్‌గారూ, ఆ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి. అమెరికాలోకి ఎలా వచ్చాడు?

ఎందుకంటే సుప్రీంకోర్టు 2021 జూన్‌లో శాంచెజ్ కేసులో ఏకగ్రీవంగా తేల్చింది: టీపీఎస్ ఉన్నంత మాత్రాన దేశంలోకి సక్రమంగా ప్రవేశించినట్టు కాదు. దొంగదారిన వచ్చినవాడికి టీపీఎస్ చూపించి ఇక్కడే గ్రీన్‌కార్డు తీసుకునే వీలు లేదు. నేపాలీలలో చాలామంది ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వచ్చారు, వాళ్ళ కథ వేరు. ప్రభుత్వం లెక్కలోనే సుమారు 12,700 మంది నేపాల్ టీపీఎస్ వాళ్ళలో దాదాపు 5,500 మందికి ఈపాటికే గ్రీన్‌కార్డులు వచ్చేశాయి.

రెండోది, టీపీఎస్ పోయాక చట్టవిరుద్ధంగా ఉన్న రోజుల లెక్క మొదలుకావచ్చు. 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు రానివ్వరు. కాబట్టి వెళ్ళాలనుకుంటే ఎప్పుడు వెళ్తాడన్నదీ ముఖ్యమే. ఆ లెక్క ఏ రోజు నుంచి అన్నది ఆయన పాత స్టేటస్ మీద ఆధారపడుతుంది, అది లాయర్ కాగితాలు చూసి చెప్పాలి.

ఇర్వింగ్_కొట్టు · ఆగస్టు 22, 2025

ఎఫ్1 మీదే వచ్చాడండి, ఇక్కడే కమ్యూనిటీ కాలేజీలో చదివాడు. ఐ-94, అంటే దేశంలోకి వచ్చిన రికార్డు కాగితం, ఉందట. భార్యకి గ్రీన్‌కార్డు ఉంది, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసింది.

కాగితాల_కోటి · ఆగస్టు 22, 2025

హమ్మయ్య. అయితే దారి ఉంది. వీసాతో సక్రమంగా వచ్చినవాడికి భార్య సిటిజన్ అయితే, మధ్యలో స్టేటస్ పోయినా సాధారణంగా ఇక్కడే గ్రీన్‌కార్డుకి అప్లై చెయ్యొచ్చు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా లాయర్ని అడక్కుండా దేశం దాటొద్దనండి. మిగతా పాత రికార్డు అంతా లాయర్‌కి చూపించమనండి.

వరంగల్_వాసు · సెప్టెంబరు 10, 2025

ఖాట్మండు వార్తలు చూసిండ్రా? పార్లమెంటుకే నిప్పు పెట్టిండ్రు, ప్రధానమంత్రి రాజీనామా చేసిండు. నేపాల్ కోలుకున్నది, అందరు పోవచ్చు అని జూన్‌లనే రాసిండ్రు గదా. గిప్పుడేమంటరు?

పాతకాపు_1996 · సెప్టెంబరు 10, 2025

చట్టం ప్రకారం వాళ్ళు చూసేది వేరు వాసూ. నేపాల్‌కి టీపీఎస్ ఇచ్చింది భూకంపం కింద. అల్లర్లు, రాజకీయ సంక్షోభం అయితే వేరే కారణం కింద మళ్ళీ కొత్తగా ప్రకటించాలి. ఆ ప్రకటన హోంలాండ్ సెక్యూరిటీ సెక్రటరీ చేతిలో ఉంది. ఇప్పుడున్న ధోరణిలో ఆ ఆశ నాకు లేదు. సిరియా టీపీఎస్ గతి కూడా చూస్తూ ఉండండి.

లత_షార్లెట్ · అక్టోబరు 31, 2025

టాపిక్ పక్కకి వెళ్తున్నందుకు ఏమనుకోకండి, వేరే చోట అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. నాది హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తల వర్క్ పర్మిట్ కార్డు), జనవరిలో అయిపోతుంది. రెన్యువల్ వేసి 540 రోజులు ఆటోమేటిక్‌గా పనిచేసుకోవచ్చని ధైర్యంగా ఉన్నాను. నిన్నటి నుంచి అది తీసేశారంటున్నారు. నిజమా?

ఐ9_అక్క · అక్టోబరు 31, 2025

నిజమే లతా. నిన్న, అంటే అక్టోబరు 30న, డీహెచ్‌ఎస్ (హోంలాండ్ సెక్యూరిటీ శాఖ) కొత్త రూల్ వేసింది. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ వేసిన రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. పాత కార్డు తేదీ అయిపోయి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి పని ఆపాల్సిందే. అక్టోబరు 30కి ముందే వేసినవాళ్ళకి పాత రూలే. నీ రసీదు మీద రిసీవ్డ్ డేట్ ఏముంది?

దీని కథ చెప్తాను, చాలామందికి తెలీదు. 2017 నుంచి పొడిగింపు 180 రోజులు ఉండేది. ఆఫీసుల్లో ఫైళ్ళు పేరుకుపోతే 2022లో దాన్ని తాత్కాలికంగా 540 చేశారు. 2024 డిసెంబరులో శాశ్వతం అన్నారు, ఈ జనవరి నుంచి అమలు. ఏడాది తిరక్కుండా 540 కాదు కదా 180 కూడా లేకుండా పోయింది. భద్రతా తనిఖీలు పూర్తిగా చేశాకే పర్మిషన్ ఇవ్వాలన్నది వాళ్ళ వాదన. తనిఖీ కావాలంటే చేసుకోమను, ఎవరూ కాదనరు. ఫైలు వాళ్ళ బల్ల మీద నెలలకొద్దీ ఉంటే జీతం మనకెందుకు ఆగాలి?

టీపీఎస్ వాళ్ళకి చట్టం ద్వారా గానీ ఫెడరల్ రిజిస్టర్ నోటీసు ద్వారా గానీ ఇచ్చే పొడిగింపుని ఈ రూల్ ముట్టుకోలేదు. నోటీసు వస్తే ఉంటుంది, రాకపోతే లేదు.

లత_షార్లెట్ · అక్టోబరు 31, 2025

ఇంకా వెయ్యలేదక్కా. మా ఆయన హెచ్1బీ ఎక్స్‌టెన్షన్‌తో కలిపి వేద్దామని ఆగాం.

కాగితాల_కోటి · అక్టోబరు 31, 2025

లతగారూ, ఎక్స్‌పైరీకి 180 రోజుల ముందు నుంచీ వెయ్యొచ్చు. ఇంక ఒక్కరోజు కూడా ఆగకండి. మీ హెచ్4 కూడా అప్పుడే అయిపోతుంటే మూడూ కలిపే వెయ్యాలి, హెచ్1బీకి ప్రీమియం (అదనపు ఫీజుతో త్వరగా తేల్చడం) పెట్టించమని కంపెనీని అడగండి. హెచ్4 ఈఏడీకి ప్రీమియం లేదు. మిగతా రెండూ త్వరగా తేలితే కొంత ఊరట, హామీ మాత్రం ఏమీ లేదు. మీ హెచ్ఆర్‌కి ఇప్పుడే చెప్పండి. జీతం లేని సెలవు ఇస్తారా, ఉద్యోగమే పోతుందా అన్నది జనవరిలో కాకుండా ఇప్పుడే తెలియాలి.

భయపడుతున్న మిగతావాళ్ళకి: స్టెమ్ ఓపీటీకి (చదువయ్యాక స్టూడెంట్ల పని పర్మిషన్) ఉన్న 180 రోజులు వేరే రూల్, దానికేం కాలేదు. హెచ్1బీ ఎక్స్‌టెన్షన్ వేసినవాళ్ళ 240 రోజులూ అలాగే ఉన్నాయి. కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ళ ఎల్2 భార్యాభర్తలకి ఐ-94 మీద ఎల్2ఎస్ అని ఉంటే అసలు కార్డే అక్కర్లేదు. ఈ రూల్ తగిలేది హెచ్4, గ్రీన్‌కార్డు పెండింగ్‌లో ఉన్న సీ09, అసైలం (ఆశ్రయం) పెండింగ్ ఉన్న సీ08 లాంటి వాళ్ళకి.

ఇక డబ్బు సంగతి. జూలై 4న సంతకమైన పెద్ద బిల్లుతో టీపీఎస్, పెరోల్, అసైలం వాళ్ళ వర్క్ పర్మిట్‌కి మామూలు ఫీజు మీద ఈ 2025లో మొదటిసారి 550 డాలర్లు, రెన్యువల్‌కి 275 అదనం. టీపీఎస్ రిజిస్ట్రేషన్ 50 డాలర్లుండేది 2025లో 500 అయింది. ఈ కొత్త ఫీజులకి మాఫీ లేదు. టీపీఎస్, పెరోల్ కార్డులు కూడా ఏడాదికి మించి ఇవ్వరు, రక్షణ గడువు అంతకంటే తక్కువుంటే అంతవరకే. అంటే ఏటా డబ్బు కట్టాలి, ఏటా ఎదురుచూడాలి. హెచ్4కి ఈ అదనపు ఫీజు లేదు.

సిలికాన్_సుబ్బు · డిసెంబరు 6, 2025

కోటిగారూ, నాది సీ09 కార్డు. ఐ-485 (గ్రీన్‌కార్డు అప్లికేషన్) పెండింగ్, కార్డు 2027 దాకా ఉంది. ఇకమీదట ఐదేళ్ళవి ఇవ్వరంటున్నారు. నా చేతిలో ఉన్నది చెల్లుతుందా, తగ్గించేస్తారా?

కాగితాల_కోటి · డిసెంబరు 6, 2025

చేతిలో ఉన్నది దాని తేదీ దాకా చెల్లుతుంది. డిసెంబరు 5న గానీ ఆ తర్వాత గానీ వేసినవి, ఆ రోజుకి పెండింగ్‌లో ఉన్నవి, ఇవి ఆమోదిస్తే గరిష్ఠంగా 18 నెలలే. శరణార్థులు, అసైలం వచ్చినవాళ్ళు, పెండింగ్‌లో ఉన్నవాళ్ళు, మీలాంటి సీ09 వాళ్ళు అందరూ ఇందులోకే వస్తారు. మీరు రెన్యువల్ వేసేటప్పటికి ఆటోమేటిక్ పొడిగింపు కూడా ఉండదు. హెచ్1బీని వదులుకోకుండా ఉంటే మంచిది.

వరంగల్_వాసు · డిసెంబరు 6, 2025

సుబ్బన్నా, ఆగస్టుల ఏమన్నవో పైకి పోయి ఒకసారి సదువుకో 🙂

మోడరేటర్ · డిసెంబరు 6, 2025

వ్యక్తిగత చురకలు వద్దు. రసీదు నంబర్లు, ఏ-నంబర్లు ఎవరూ ఇక్కడ పెట్టకండి. పైన ఇద్దరు పెట్టినవి తీసేశాను.

ఇర్వింగ్_కొట్టు · జనవరి 3, 2026

కొత్త సంవత్సర శుభాకాంక్షలు. డిసెంబరు 31న అదే జడ్జి థాంప్సన్‌గారు నేపాల్, హోండురాస్, నికరాగువా మూడిటి రద్దునీ కొట్టేశారు. అబ్బాయిని వెనక్కి తీసుకోవచ్చా అక్కా? పండగ సీజను, ఇద్దరు కాలేజీ పిల్లలతో నెట్టుకొస్తున్నాను.

ఐ9_అక్క · జనవరి 3, 2026

తీసుకునే ముందు మళ్ళీ అదే పని: యూఎస్‌సీఐఎస్ పేజీలో ఇవాళ ఏముంది, అతని కార్డు తేదీ అందులో కలుస్తుందా. కలిసిందని లాయర్ రాతపూర్వకంగా చెబితేనే చేర్చుకో. మొదటి ఐ-9 నింపి మూడేళ్ళు దాటిపోయింది కాబట్టి సప్లిమెంట్ బీ సరిపోదు, కొత్త ఐ-9 నింపాలి.

నా సొంత అభిప్రాయం అడిగితే, ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళడం ఖాయం. ఆగస్టులో స్టే ఇచ్చినది కూడా ఆ అప్పీలు కోర్టే. రెండు వారాల కోసం అతన్ని పిలిచి మళ్ళీ పంపడం కంటే కొంచెం ఆగడం మేలేమో.

పాతకాపు_1996 · జనవరి 3, 2026

నేను ఒప్పుకోను. కోర్టు ఆర్డర్ ఉండగా పర్మిషన్ ఉన్న మనిషిని, రేపు పోతుందేమో అని ఇవాళ పనికి వద్దనడం ఏం న్యాయం? రెండు వారాల జీతమైనా జీతమే. అద్దె నెలనెలా కట్టాలి కదా వాళ్ళు.

ఐ9_అక్క · జనవరి 3, 2026

కాగితం సరిపోతే వద్దనమని నేననలేదు మాస్టారూ. పర్మిషన్ త్వరలో అయిపోతుందన్న కారణంతో తీసుకోకపోవడం కూడా వివక్ష కిందికే రావచ్చు, అది నిజమే. తమ్ముడూ, కాగితం సరిపోయిందంటే నిర్ణయం ఆ అబ్బాయికే వదిలెయ్.

ఇర్వింగ్_కొట్టు · ఫిబ్రవరి 11, 2026

సోమవారం, ఫిబ్రవరి 9న, మళ్ళీ స్టే. అక్క అన్నట్టే అబ్బాయినే అడిగాను. అతను జనవరిలోనే వద్దన్నాడు. “మీకు తలనొప్పి, నాకు కూడా రోజూ ఫోన్ చూసుకుంటూ పనిచెయ్యడం కష్టం” అన్నాడు. ఇప్పుడు పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉన్నాడు. డ్రైవింగ్ లైసెన్సు కూడా కార్డు తేదీతోనే అయిపోయింది, బండి నడపట్లేదు. భార్య సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అయింది, ప్రమాణం మార్చిలో. కోటిగారూ, ఆ తర్వాత ఏం చెయ్యాలో ఒక్కసారి రాయండి, ప్రింటు తీసి ఇస్తాను.

కాగితాల_కోటి · ఫిబ్రవరి 11, 2026

ప్రమాణం అయిన రోజే నాచురలైజేషన్ సర్టిఫికెట్ చేతికిస్తారు, దాని కాపీ తీసుకోవాలి. భార్య వేసే ఐ-130 పిటిషన్, ఐ-485, వర్క్ పర్మిట్‌కి ఐ-765 ఒకే కవర్లో. పెళ్ళి సర్టిఫికెట్, పాత ఎఫ్1 వీసా పేజీ, ఐ-94, ఇన్నేళ్ళ టీపీఎస్ ఆమోదాల కాగితాలు అన్నీ. మెడికల్ ఐ-693 తర్వాత పంపుదాంలే అనుకుంటారు చాలామంది, 2024 డిసెంబరు 2 నుంచి అది ఐ-485తో పాటే వెళ్ళాలి, లేకపోతే ఫైలు తిప్పి పంపేయొచ్చు. కాబట్టి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోమనండి. యూఎస్‌సీఐఎస్ గుర్తింపు ఉన్న సివిల్ సర్జన్ దగ్గరే చేయించాలి, మామూలు ఫ్యామిలీ డాక్టర్ చాలడు.

లత_షార్లెట్ · ఫిబ్రవరి 12, 2026

నాది ఇంకా రాలేదు, జనవరి నుంచి జీతం లేని సెలవులో ఉన్నాను. హెచ్ఆర్ ఏప్రిల్ దాకా ఆగుతామన్నారు. కోటిగారూ, త్వరగా చూడమని రిక్వెస్టు పెట్టడానికి జీతం ఆగడం ఒక్కటే సరిపోతుందా?

కాగితాల_కోటి · ఫిబ్రవరి 12, 2026

జీతం ఆగడం ఒక్కటే అంటే సాధారణంగా ఒప్పుకోరు. తీవ్రమైన ఆర్థిక నష్టం అని కాగితాలతో చూపించాలి: ఇంటి లోన్ బకాయి నోటీసు, ఇన్సూరెన్స్ పోతోందన్న ఉత్తరం, ఏప్రిల్ తర్వాత ఉద్యోగం ఉండదని కంపెనీ రాసిచ్చిన లెటర్. ఆ లెటర్ ముందు అడగండి.